పిల్లి దేవత అత్తరు

ముప్పై నాలుగేళ్లు ముక్కు మీద బతికిన మనిషిని నేను. నవ్వితే నవ్వండి గానీ, అంబాజీపేటలో కొబ్బరి నూనె మిల్లులో నా ఉద్యోగం అదే. ఎండు కొబ్బరి బస్తా విప్పి ఒక చిప్ప విరిచి వాసన చూస్తే చాలు, అది ఎన్నాళ్లు ఎండింది, లోపల బూజు పట్టిందా, పొగ తగిలిందా అన్నీ చెప్పేసేవాణ్ణి. తరవాత తరవాత మిల్లుకి గాజు గొట్టాలూ కొలత యంత్రాలూ వచ్చాయి. అయినా మా యజమాని గారు యంత్రం చూపించిన అంకె ఒకసారి చూసి, మళ్లీ నా మొహం వంక చూసేవారు. నేను తలూపితేనే లారీ కదిలేది. దాంతో నాకు కొంచెం పొగరు ఉండేది. కొంచెమేం ఖర్మ, బాగానే ఉండేది.

ఆ పొగరుకి శాస్తి జరగడమూ, నా ఉద్యోగం మొత్తంలో నేను అన్నిటికన్నా సంతోషపడటమూ ఒకే పూట జరిగాయి. కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లల కోసం, అందులోనూ తమకు అన్నీ తెలుసనుకునే నాలాంటి పిల్లల కోసం, ఆ ఒక్కరోజు సంగతి రాస్తున్నాను.

నేను రిటైరవడానికి ముందు ఏడాది, వానలు మొదలయ్యే రోజుల్లో, ఒకావిడ మిల్లుకొచ్చింది. ముప్పై అయిదు దాటి ఉంటాయి. తొమ్మిదేళ్లు కువైట్‌లో ఇంటిపని చేసి అప్పుడే తిరిగొచ్చింది. వెళ్లేటప్పుడు కూతురు రెండో తరగతి. వచ్చేసరికి ఇంటర్లో చేరింది. పిల్లను అమ్మమ్మ పెంచింది. ఈ తొమ్మిదేళ్లూ తల్లీ కూతుళ్ల కాపురమంతా ఫోన్లోనే.

"మీ మిల్లులో నాకు చిన్న గది ఇస్తే అత్తరు చేస్తానండి," అంది మా యజమాని గారితో. "నూనె మీదే కొంటాను. ఇంకోటి కూడా కావాలండి. ఈ బాబాయ్ గారి ముక్కు."

యజమాని గారు పగలబడి నవ్వి, బాయిలర్ పక్కనున్న పాత సామాన్ల గది ఖాళీ చేయించి ఇచ్చారు. నన్ను మధ్యాహ్నాల పూట ఆవిడకి అప్పగించారు. ఈ వయసులో నన్ను గదితో పాటు అద్దెకిచ్చేశారేమిటని నాకు కొంచెం కోపం వచ్చిన మాట నిజం.

ఆవిడ చేయదలచుకున్నది మామూలు అత్తరు కాదు. కువైట్‌లో ఆవిడ పనిచేసిన ఇల్లు ఈజిప్టు నుంచి వచ్చి స్థిరపడిన ఒక పెద్దావిడది. పంతులమ్మగా చేసి మానేసిందట. ఆవిడ అద్దాల బీరువాలో జానెడు ఇత్తడి పిల్లి బొమ్మ ఉండేదట, చెవికి పోగుతో సహా. దాని పక్కన ఒక నీలం సీసాలో సుగంధపు నూనె. వేల ఏళ్ల కిందట ఈజిప్టులో కొలిచిన దేవతట ఆ పిల్లి. పేరు బాస్టెట్. ఇంటినీ ఆడవాళ్లనూ పిల్లలనూ కాచే తల్లి. ఆ దేవత తీర్థానికి జనం పడవల్లో పాటలు పాడుకుంటూ, తాళాలు వాయించుకుంటూ వెళ్లేవారట. ఆమె పేరు రాయాలంటే సుగంధపు నూనె ఉంచే జాడీ బొమ్మ గీసేవారట.

"పడవల్లో తీర్థానికెళ్లడమంటే మన సంగతే కదండీ బాబాయ్ గారూ," అని కళ్లు పెద్దవి చేసి చెప్పేది. "ఆ పెద్దావిడ రోజూ నా చేతికి కూడా ఒక చుక్క రాసేదండి. మా అమ్మాయితో ఫోన్లో మాట్లాడేప్పుడు ఆ వాసనే వచ్చేది నాకు. అలాంటిది మన పువ్వులతో చెయ్యాలండి."

ఇంతవరకూ బాగానే ఉంది. సీసా మీద పిల్లి బొమ్మ వేస్తానంది చూడండి, అక్కడ నాకు గొంతులో పచ్చి వెలక్కాయ పడింది.

"పిల్లి బొమ్మా? పొద్దున్నే కొట్టు తెరిచి ఎవడమ్మా పిల్లి మొహం చూసేది? పిల్లి ఎదురొస్తే మనవాళ్లు పెళ్లిచూపులే మానేసి వెనక్కొస్తారు!"

"ఆయ్, వస్తారండి. ఆ దేశంలో అయితే దణ్ణం పెట్టి ముందుకెళ్లేవారటండి."

"ఇది ఆ దేశం కాదు కదమ్మా."

"మిల్లులో ఎలకల్ని ఎవరు పడుతున్నారండి మరి? మీ ముక్కా?"

పక్కనే బస్తాలు కుడుతున్న ఆడవాళ్లు ఒకటే నవ్వు. ఆ రోజు నుంచి మిల్లు పిల్లులకి ఆవిడ తన క్యారేజీలోంచి చేప ముళ్లు పెట్టడం మొదలెట్టింది. అవి తోకలెత్తి ఆ గది చుట్టూ తిరుగుతుంటే, నేను గుమ్మం దాటే ముందు అటూ ఇటూ చూసుకుని దాటేవాణ్ణి.

నూనె తయారీ మాత్రం భలే సరదాగా సాగింది. కాలవ గట్ల మీది మొగలి పొత్తులు, పెరళ్లలో సంపెంగలు తెప్పించేవాళ్లం. గోరువెచ్చని నూనెలో నానబెట్టడం, మర్నాడు తీసి కొత్త పువ్వులు వెయ్యడం, మళ్లీ తీయడం. పిండిన పువ్వుల కుప్ప చూసి మా ఆవిడ, "ఇన్ని పువ్వులు నా తలలో ఎప్పుడైనా పెట్టేరా?" అని దెప్పేది. చివర్లో కొంచెం బోళం కలిపాం. పచారీ కొట్లో దొరికే ఆ చేదు జిగురే ఈజిప్టు వాళ్లు కూడా వాడేవారని ఆ కువైట్ ఆవిడే చెప్పింది. మొదటి మూడు సార్లూ నేను తల అడ్డంగా ఊపాను. నాలుగోసారి వాసన చూసి ఏమీ అనకుండా బయటికెళ్లి, కొంచెం గాలి పీల్చుకుని, వెనక్కొచ్చి మళ్లీ చూశాను. ముందు మొగలి పలకరించింది. దాని వెనక సంపెంగ. అన్నీ అయిపోయాయనుకున్నాక అడుగున బోళం నిలబడింది. తలూపాను. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని గిరగిరా తిరిగినంత పని చేసింది.

మా ఇద్దరికీ ఒక్క విషయంలో మాత్రం పేచీ వచ్చింది. "ఆ పెద్దావిడ సీసాలో వేరే నూనె ఉండేదండి, ఎంత చలికైనా అలాగే పల్చగా ఉండేది. మనం కూడా అలాంటిదేదైనా చూద్దామా బాబాయ్ గారూ?" అంది. నాకు ఒళ్లు మండింది. అంబాజీపేటలో నిలబడి, కొబ్బరి నూనె మిల్లులో నిలబడి, నా ఎదురుగా వేరే నూనె అంటుందా? కొబ్బరి నూనె గొప్పతనం మీద అరగంట ఉపన్యాసం ఇచ్చాను. పాపం ఆవిడ ఊరుకుంది. నేను గెలిచాననుకున్నాను.

మార్గశిరం వచ్చేసరికి రెండు కబుర్లు ఒకేసారి వచ్చాయి. హైదరాబాద్‌లో అత్తర్ల దుకాణాలు నడిపే ఒక మేడం గారు కుటుంబంతో డిండి రిసార్టుకి వస్తున్నారనీ, పొద్దున్న ఎనిమిదింటికి నమూనా చూస్తాననీ ఒక కబురు. ఆవిడకి మళ్లీ కువైట్ వీసా వచ్చిందనీ, విశాఖపట్నంలో వైద్య పరీక్ష అనీ రెండోది. రెండూ ఒకే రోజు పడ్డాయి.

"వీసాకి ఎందుకు పెట్టేవమ్మా?" అన్నాను.

"ఇది ఆడకపోతే పిల్ల చదువు ఆగిపోద్ది కదండీ," అంది తలొంచుకుని. "మేడం గారు సరేనంటే ఉండిపోతానండి. కాదంటే నెలాఖరుకి ఎక్కేస్తాను. మా అమ్మాయికి ఇంకా చెప్పలేదండి. మొన్న రాత్రి నా పక్కన పడుకుని, 'అమ్మా, నువ్వు గురక పెడతావని ఫోన్లో తెలియనే లేదు' అందండి." అలా అంటూనే నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

ఆవిడ ముందురోజే రైలెక్కింది. డిండికి నేను వెళ్తానన్నాను. ఐదు నీలం సీసాలు, మూత తీసి చేతి మీద దొర్లిస్తే నూనె వచ్చేలా మూతిలో చిన్న గుండు ఉన్నవి, సాయంత్రం నింపుకుని తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

మర్నాడు ఆరున్నర బస్సు. ఆరుంబావుకి ఇస్త్రీ చొక్కా వేసుకుని గేటు తీశాను. ఎదురింటి చారల పిల్లి గోడ దిగింది. తొందరేమీ లేకుండా, నా కాళ్ల ముందు నుంచి ఈ పక్కనుంచి ఆ పక్కకి, మధ్యలో ఆగి నా వంక ఒకసారి చూసి మరీ వెళ్లింది.

నేను వెనక్కి తిరిగాను. ఏం చెయ్యను, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అలవాటు. కాళ్లు కడుక్కుని, కుర్చీలో కూర్చుని మంచినీళ్లు అడిగాను. మా ఆవిడ చెంబు పట్టుకుని నా ముందు నిలబడిపోయింది.

"మీరు పట్టుకెళ్తున్నదేటండి?"

"తెలియదా నీకు? అత్తరు."

"ఏ అత్తరండి?"

నేను చెంబు కోసం చెయ్యి చాపాను.

"పిల్లి దేవత అత్తరు పట్టుకెళ్తా, పిల్లి ఎదురొచ్చిందని వెనక్కొచ్చేరా! పాపం అది మిమ్మల్ని సాగనంపడానికి వచ్చిందేమోనండి!" అని చెంబు కింద పెట్టి, కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతూనే ఉంది. నేను గంభీరంగా నీళ్లు తాగాను. శాస్త్రం ప్రకారం కాసేపు కూర్చోవాలి కదా అని కూర్చున్నాను. ఆ కాసేపట్లో బస్సు వెళ్లిపోయింది.

తరవాతి బస్సు గంటకి. రాజోలులో దిగి ఆటో దొరికేసరికి ఇంకొంత ఆలస్యం. డిండి చేరేటప్పటికి తొమ్మిదిన్నర. రిసార్టు గుమ్మంలో కూర్చున్న అమ్మాయి చాలా మర్యాదగా, "ఎనిమిదింటి నుంచి చూసి చూసి పడవెక్కేసేరండి. ఒంటిగంటకి గానీ రారండి. భోంచేసి అట్నుంచటే వెళ్లిపోతారండి," అంది.

నా మీద నాకు పుట్టిన అసహ్యం అంతా ఇంతా కాదు. ఒక తల్లి తన బతుకు నా సంచిలో పెట్టి పంపితే, నేను పిల్లికి భయపడి కుర్చీలో కూర్చున్నాను. పోయి పడవల రేవు దగ్గర సిమెంటు బల్ల మీద కూలబడ్డాను. సరిగ్గా అప్పుడే ఫోను.

"బాబాయ్ గారూ, చూసేరా అండీ మేడం గారు? ఇంకో గంటలో నన్ను లోపలికి పిలుస్తారండి."

"చూస్తున్నారమ్మా," అన్నాను. నా నోటి నుంచి అలా వచ్చేసింది. "తీరిగ్గా చూస్తున్నారు. నేనే చేస్తాను ఫోను."

"ఆయ్, అలాగేనండి," అంది. ఆ గొంతులో ఆశ వింటే నాకు గోదాట్లో దూకాలనిపించింది.

ఏం చేయాలో తోచక, ఆ వాసన చూస్తే కాస్త ధైర్యం వస్తుందేమోనని ఒక సీసా తీశాను. మణికట్టు మీద దొర్లించాను. గుండు కదల్లేదు. గట్టిగా నొక్కాను. చర్మం గీరుకుంది గానీ చుక్క నూనె రాలేదు. సీసా ఎత్తి ఎండకి అడ్డంపెట్టి చూశాను. నీలం గాజు లోపల తెల్లగా, నెయ్యిలా పేరుకుపోయి ఉంది. రెండోదీ అంతే. ఐదూ అంతే.

మార్గశిరం పొద్దుట కొబ్బరి నూనె పేరుకుంటుందని కోనసీమలో పసిపిల్లకి కూడా తెలుసు. నాకు తెలియదా? తెలుసు. కానీ మాకు అది లోపం కాదే! పేరుకుంటే మంచి నూనె అని మురిసిపోతాం. సీసా తీసుకెళ్లి ఎండలో పెడతాం, కరుగుతుంది, రాసుకుంటాం. అలా పుట్టి పెరిగినవాడికి, ఎండలో పెట్టడం తెలియని ఊళ్లో ఈ సీసా తెరిచే మనిషి ఒకరుంటారని తోచనే లేదు. ఆవిడకి తోచింది. ఆవిడ అడిగింది కూడా. నేనేగా ఉపన్యాసం ఇచ్చింది!

అప్పుడు ఇంకో సంగతి తట్టింది. నేను ఆ ఆరున్నర బస్సెక్కి, చెప్పిన టైముకి వచ్చి ఉంటే? ఎనిమిదింటి చలిలో మేడం గారి చేతిలో ఈ గడ్డకట్టిన సీసా పెట్టి ఉండేవాణ్ణి. గుండు కదిలేది కాదు. పక్కన పడేసి పడవెక్కేవారు. అంతటితో సరి. ఆ చారల పిల్లి ఆపితే బతికిపోయాను! ఎక్కడున్నావో తల్లీ అని, ఎవరూ చూడకుండా అంబాజీపేట వైపు తిరిగి ఒక దణ్ణం పెట్టాను.

తువ్వాలు పరిచి సీసాలు ఎండలో వరసగా పెట్టాను. ఒక్కోటి తీసి అరచేతుల మధ్య దొర్లించడం, మళ్లీ పెట్టడం. పన్నెండుకల్లా ఐదూ కరిగి పల్చగా తేటగా అయ్యాయి. ఒంటిగంటకి పడవ వచ్చింది.

మేడం గారు చిరాగ్గానే దిగారు. "ఎనిమిదింటికి అన్నాం కదండీ," అన్నారు. క్షమించమని ఒక సీసా చేతికిచ్చాను. మణికట్టు మీద రాసుకుని, నాలుగడుగులు నడిచారు. ఆగారు. మళ్లీ వాసన చూసుకున్నారు. "మొగలి కదూ? ఎన్నాళ్లయింది నిజం మొగలి వాసన చూసి!" అన్నారు. చిరాకంతా పోయింది. పక్కనున్న తన అత్తగారి చేతికి కూడా రాశారు. "ఇది మేం తీసుకుంటామండి. ఇదే సీసాలో, ఇలాగే కావాలి."

నేను సరేననేస్తే అయిపోను. ఎండలో పెట్టిన సంగతి నాకూ సూర్యుడికీ తప్ప ఎవరికీ తెలియదు. ఫోన్ తీసి విశాఖలో ఉన్న ఆవిడకి శుభవార్త చెప్పొచ్చు. కానీ ముప్పై నాలుగేళ్లలో ముక్కిపోయిన నూనెకి ఒక్కసారి కూడా తలూపని మనిషిని. అదీగాక, పొద్దున్నే ఒక అబద్ధం ఆడేశాను, రోజుకి ఒకటి చాలు.

"అమ్మా, ఒక మాట," అన్నాను. "ఇది చలికి పేరుకుంటుందండి. పొద్దున్న ఇవి రాళ్లలా ఉన్నాయి. ఇందాకటి దాకా ఎండబెట్టేను. తప్పు ఇది చేసిన అమ్మాయిది కాదండి, నాది. వేరే నూనె వాడదామని ఆవిడ అంటే నేనే పడనివ్వలేదు."

మేడం గారు నన్ను ఎగాదిగా చూశారు. ఒక సీసా తీసుకెళ్లి గదిలో ఫ్రిజ్‌లో పెట్టి, నన్ను కూడా భోజనానికి కూర్చోమన్నారు. చేపల పులుసు వడ్డించారు. నేను గది తలుపు వంకే చూస్తూ తిన్నాను. భోజనాలయ్యాక సీసా తెచ్చి, గుండు ఊడబీకి, తలలోంచి పిన్ను తీసి ఆ తెల్లటి ముద్దని కొంచెం పెళ్లగించి చేతి మీద పెట్టుకుని వేలితో రాశారు. ఒంటి వేడికి కరిగింది. వాసన చూసుకున్నారు. మళ్లీ చూసుకున్నారు. అత్తగారికిచ్చారు.

"నూనెగా ఉన్నప్పుడు ఒక్కసారిగా వచ్చిందండి. ఇదేమో నిదానంగా వస్తోంది, ఇంకా వస్తోంది," అన్నారు. "దీన్ని సీసాలో ఎందుకు పెట్టేరండి అసలు? ముద్దగానే ఇవ్వండి. కుంకుమ భరిణె లాంటి దాంట్లో పెట్టి ఇవ్వండి. ఎండాకాలం కరక్కుండా ఏదైనా చెయ్యగలరా?"

"తేనెమైనం కలిపితే నిలుస్తుందండి," అన్నాను. ఆ రోజు నేను చెప్పిన మొట్టమొదటి పనికొచ్చే మాట అదే. అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఆ దేవత పేరు రాయాలంటే జాడీ బొమ్మ గీస్తారని అత్తరు చేసే ఆవిడ మొదటి రోజే చెప్పింది. అంత విన్నాక కూడా మేమిద్దరం కలిసి సీసాలే కొన్నాం.

మొదట ఐదు వందల భరిణెలు, నచ్చితే నెల నెలా అని కాగితం మీద రాసి ఇచ్చారు. మూత మీద పిల్లి బొమ్మ తప్పకుండా ఉండాలన్నారు. ఆయ్, తప్పకుండా ఉంటుందండి అన్నాను నేనే.

రేవు దగ్గరికొచ్చి ఫోన్ చేశాను. కంగారులో ముందు పిల్లి సంగతి మొదలెట్టి, మళ్లీ వెనక్కొచ్చి, మొత్తానికి చెప్పాను.

"పరీక్షకి రక్తం ఇచ్చేశానండి బాబాయ్ గారూ," అంది చిన్న గొంతుతో.

"ఇస్తే ఇచ్చావులేమ్మా. రక్తమే కదా, మళ్లీ పడుతుంది. రైలెక్కి వచ్చేయ్!"

అప్పుడు నవ్వింది చూడండి, ఆ నవ్వు ఎక్కడ ఏడుపులోకి తిరిగిందో నాకు తెలియలేదు. నా కళ్లద్దాలు కూడా అప్పటికే మసకబారాయి.

మర్నాడు మిల్లుకొచ్చి నా మొహం చూసి నడుం మీద చెయ్యేసుకుంది. "చూస్తున్నారమ్మా అన్నారు కదండీ పొద్దున్న? పడవలో ఉన్నారటగా!" చీవాట్లు బాగానే పడ్డాయి. తల వంచుకుని తిన్నాను. ఎదురింటి పిల్లికి అరకేజీ చేపలు కొనివ్వమని శిక్ష వేసింది. మా ఆవిడ దగ్గరుండి ఆ శిక్ష అమలు చేయించింది.

ఇప్పటికీ పిల్లి ఎదురొస్తే నేను వెనక్కొస్తాను, నా మొహం చూసి నవ్వకండి. కాళ్లు కడుక్కుని మంచినీళ్లు తాగుతాను. కాకపోతే ఆ కూర్చున్న కాసేపూ సంచి విప్పి లోపలున్నది ఎలా ఉందో చూసుకుంటాను. పిల్లలూ, మీకు శకునాలు లేకపోతే మరీ మంచిది, కానీ సంచి మాత్రం విప్పి చూసుకోండి.

ఆవిడ కువైట్ విమానం ఎక్కాల్సిన రోజు నాకు బాగా గుర్తు. ఆ సాయంత్రం ఆవిడ పాత సామాన్ల గదిలో తేనెమైనం కరిగిస్తోంది. నేను భరిణెలు తుడుస్తున్నాను. కాలేజీ నుంచి కూతురు వచ్చి మిల్లు గేటు దగ్గర సైకిలు ఆపింది. ఒక పిల్లి ఆ అమ్మాయి కాళ్లకి రాసుకుంటోంది. "అమ్మా, ఎప్పుడొస్తావే?" అని అక్కణ్ణుంచే కేకేసింది.

తొమ్మిదేళ్లు ఫోన్లో ఆ పిల్ల అడిగిన మాటే అది. ఈవిడకి గరిటె తిప్పుతున్న చెయ్యి ఆగిపోయింది.

"ఐదు నిమిషాలు!" అంది గట్టిగా. పొయ్యి ఆర్పి, చేతులు కడుక్కుని, మూడు నిమిషాలకే గేటు దగ్గరుంది.